రాజ్యం లేకపోతే మనల్ని కాపాడేదెవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసు, కోర్టు, సైన్యం ప్రభుత్వం చేతిలోనే ఉండాల్సిన పనిలేదు, వాటిని కూడా జనం తమకు తాముగా ఏర్పాటు చేసుకోగలరు అనే వాదం ఒకటుంది. లిబర్టేరియన్లలో, అంటే వ్యక్తి స్వేచ్ఛే ముఖ్యం, ప్రభుత్వం వీలైనంత తక్కువగా ఉండాలి అనేవాళ్ళలో, ఒక శాఖ దాదాపు 175 ఏళ్ళుగా దీన్ని చెబుతూ వస్తోంది. తిరుపతిలో లా చదివే పిల్లలతో, గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్ళతో దీని గురించి మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నల్ని ఇక్కడ చేర్చాను. జవాబులు తటస్థంగా ఉండవు. ఈ వాదంలో నేను గౌరవించే భాగముంది, ఒప్పుకోలేని భాగమూ ఉంది. ఏది ఏదో ఎక్కడికక్కడ చెబుతాను.

రాజ్యం లేకపోవడమంటే ఎవడిష్టం వాడిదేనా?

కాదు. వీళ్ళు చట్టం వద్దనడం లేదు. చట్టాన్ని అమలుచేసే అధికారం ఒక్కరి గుత్తగా ఉండటం వద్దంటున్నారు. వీళ్ళ మూలసూత్రం ఒకటే: ఎదుటివాడి ఒంటిమీద గానీ ఆస్తిమీద గానీ ముందుగా చెయ్యి వేయకూడదు. దొంగకు వర్తించే ఈ సూత్రం ప్రభుత్వానికీ వర్తించాలంటారు. పన్ను కట్టకపోతే జప్తు చేస్తామని వసూలుచేసిన డబ్బుతో నడిచే రక్షణ ఆ సూత్రాన్ని మొదట్లోనే తప్పిందని వీళ్ళ అభ్యంతరం. ఒక భూభాగంలో న్యాయబద్ధంగా బలం ప్రయోగించే హక్కు తనదొక్కదానిదే అని చెప్పుకునేది రాజ్యం అని 1919లో జర్మన్ పండితుడు మాక్స్ వేబర్ నిర్వచించాడు. ఆ 'తనదొక్కదానిదే' అన్నచోటే వీళ్ళు పట్టుకుంటారు.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది? మన దగ్గర ఎవరైనా చెప్పారా?

1849లో బెల్జియంకు చెందిన ఆర్థికవేత్త గుస్తావ్ ద మోలినారి దీన్ని మొదట సూటిగా అడిగాడు. రొట్టెలూ బట్టలూ పోటీ ఉన్నచోట చవగ్గా, నాణ్యంగా దొరుకుతుంటే భద్రత మాత్రం ఒకే దుకాణంలో ఎందుకు కొనాలి అని ఆయన ప్రశ్న. 1970ల్లో అమెరికాలో మరే రోత్‌బార్డ్, డేవిడ్ ఫ్రీడ్‌మన్ దాన్ని పూర్తి సిద్ధాంతంగా పెంచారు. ఇద్దరి దారులూ వేరు. రోత్‌బార్డ్ సహజ హక్కుల నుంచి మొదలుపెడతాడు, ఫ్రీడ్‌మన్ లాభనష్టాల లెక్కతో మాట్లాడతాడు.

మన దగ్గర రాజ్యమే వద్దన్న రాజకీయ పార్టీ నాకు కనబడదు. రాజ్యం తక్కువగా ఉండాలన్నవాళ్ళున్నారు. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టిన ఆచార్య ఎన్.జి.రంగా 1962 ఉప ఎన్నికలో మన చిత్తూరు నుంచే లోక్‌సభకు వెళ్ళాడు. సహకార సేద్యం పేరుతో రైతు భూమి జోలికి ప్రభుత్వం రాకూడదన్నది ఆయన పోరాటం. అయినా పోలీసూ కోర్టూ ప్రభుత్వమే నడపాలన్న విషయంలో ఆయనకు అనుమానం లేదు. ఈ పేజీలో చర్చిస్తున్నవాళ్ళు అక్కణ్ణుంచి ఇంకో అడుగు ముందుకు వేసినవాళ్ళు.

సరే, నా బండి పోయిందనుకోండి. ఏం జరుగుతుంది?

మీరు తిరుపతి కొర్లగుంటలో ఉంటారు. నెలనెలా చందా కట్టి ఒక రక్షణ సంస్థలో చేరారు. రాత్రి ఇంటిముందు పెట్టిన బండి తెల్లారేసరికి లేదు. సంస్థకు ఫోన్ చేస్తారు. రాసుకున్న గడువులోగా బండి దొరక్కపోతే దాని ఖరీదు సంస్థే మీ చేతిలో పెడుతుంది. అక్కణ్ణుంచి దొంగను పట్టుకోవాల్సిన అవసరం మీకంటే సంస్థకే ఎక్కువ, పోయింది ఇప్పుడు దాని డబ్బు కాబట్టి. ఈ వాదంలో నాకు బాగా నచ్చే చోటు ఇదే. ఇవాళ బండి దొరికినా దొరక్కపోయినా వెతకాల్సినవాళ్ళ జేబులోంచి పైసా పోదు.

దొంగ దొరికాడు. అతను రేణిగుంటలో ఇంకో సంస్థకు చందాదారు. మావాడు అలాంటివాడు కాదని ఆ సంస్థ అడ్డం తిరుగుతుంది. ఇలాంటి రోజు వస్తుందని ముందే తెలుసు కాబట్టి, తగువొస్తే ఫలానా మధ్యవర్తి మాటకు ఇద్దరం కట్టుబడతామని రెండు సంస్థలూ ముందుగానే రాసుకుని ఉంటాయి. మధ్యవర్తి సాక్ష్యం చూసి తేలుస్తాడు. నేరం రుజువైతే దొంగ జైలుకు వెళ్ళడు. బండి ఖరీదు, వెతికిన ఖర్చు, మీరు పడ్డ ఇబ్బందికి పరిహారం కడతాడు. ఒక్కసారిగా కట్టలేకపోతే పనిచేసి తీరుస్తాడు. ఎగ్గొట్టి పారిపోతే అతని జామీనుదార్లు కట్టుకోవాలి. చీటీ పాట ఎత్తినవాడు జామీను పెట్టినట్టే, ఈ సమాజంలో ప్రతి మనిషి వెనుకా అలా పూచీపడేవాళ్ళు ఎవరో ఒకరుండాలి. జామీను లేని మనిషికి ఇల్లు అద్దెకివ్వరు, పనిలో పెట్టుకోరు.

ఆ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికి మళ్ళీ రావాలి.

రెండు సంస్థలూ మధ్యవర్తిని కాదని కొట్టుకుంటే?

కొట్లాట ఖర్చుతో కూడిన పని అంటాడు ఫ్రీడ్‌మన్. ఆ ఖర్చు చందా మీదే పడుతుంది, చందా పెరిగితే జనం పోట్లాడని సంస్థకు మారిపోతారు. రాజ్యాలు ఏళ్ళతరబడి యుద్ధాలు చేయగలుగుతున్నాయంటే ఖర్చును పన్నుగా రుద్దే వీలుండటం వల్లనే అని ఆయన వాదన.

ఇందులో బలముంది, కానీ అదంతా ఒక్క షరతు మీద నిలబడింది. చందాదారు వెళ్ళిపోగలగాలి. నిన్నటి సంస్థను ఇవాళ వదిలేసి, దాని మనుషుల చేతిలో తన్నులు తినకుండా, ఇంకోదాంట్లో చేరగలగాలి. అది వీలైన చోట ఈ పద్ధతి పనిచేస్తుంది. వీలుకాని చోట కాపలాదారే దొర అవుతాడు. నేను చూసినంతలో ఈ చర్చ మొత్తం ఇక్కడే తేలాలి, సంస్థల దగ్గర ఎన్ని తుపాకులున్నాయన్న దగ్గర కాదు.

హార్వర్డ్ తత్వవేత్త రాబర్ట్ నాజిక్ 1974లో ఇంకో చిక్కు చూపించాడు. అందరూ గెలిచే సంస్థలోనే చేరాలనుకుంటారు. కొన్నాళ్ళకు ఒకటే మిగులుతుంది. బయటివాళ్ళు తన చందాదార్లను శిక్షించడానికి వీల్లేదని అది అంటుంది. ఎవరూ కావాలని కట్టకుండానే రాజ్యం తయారవుతుంది.

మన ప్రాంతంలో ఇలాంటి పద్ధతి ఎప్పుడైనా ఉందా?

ఉంది. అందుకే ఈ వాదాన్ని దూరదేశపు ఊహగా కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు.

ఈస్టిండియా కంపెనీ పాలనకు ముందు దక్షిణాది జిల్లాల్లో కావలి అనే ఏర్పాటుండేది. ఊళ్ళో తలారి కాపలా కాసేవాడు. అందుకు పంటలో అతనికి వాటా ఉండేది. దారులకూ, కొన్ని ఊళ్ళు కలిసిన ప్రాంతానికీ పైనుండే కావలిదారు, చాలాచోట్ల పాళెగాడు, కావలి రుసుము తీసుకునేవాడు. ఇందులో అసలు విషయం వేరే ఉంది. తన కావలిలో సొమ్ము పోతే దాన్ని వెతికి తేవాలి, లేకపోతే నష్టం తానే కట్టాలి. కొర్లగుంట బండి కథలో సంస్థ చేసిన పని సరిగ్గా ఇదే. మోలినారి పుట్టకముందే మన ఊళ్ళలో ఇది ఒప్పుకున్న కట్టుబాటు.

తర్వాతి కథ కూడా చెప్పాలి. విజయనగర పాలకులు సైనిక సేవ కోసం, అడవీ దారీ కాపలా కోసం నిలబెట్టిన పాళెగాళ్ళు పైన పాలన సడలిన కొద్దీ స్వతంత్రులయ్యారు. నారగంటి, కల్లూరు, పులిచెర్ల లాంటి చిత్తూరు పాళెగాళ్ళు కొండల్లో చిన్నచిన్న కోటలతో, సొంత బంట్లతో ఉండేవాళ్ళు. రుసుము ఇచ్చిన ఊరికి దొంగల బెడద ఉండదు, ఇవ్వని ఊరిని దోచేది తరచుగా ఆ కావలివాళ్ళే. ఊరు ఊరంతా ఇంకో కావలిదారు దగ్గరికి మారిపోదామంటే కుదరదు. పొలం అక్కడే ఉంటుంది, చెరువు అక్కడే ఉంటుంది, పక్క పాళెగాడు ఈ హద్దులోకి వస్తే యుద్ధమే. వెళ్ళిపోయే దారి మూసుకుపోయాక రుసుముకూ దోపిడీకీ మధ్య గీత చెరిగిపోయింది.

దీనికి లిబర్టేరియన్ల జవాబు: పాళెగాడు వంశపారంపర్యంగా, రాజు ఇచ్చిన హక్కుతో కూర్చున్నవాడు, పోటీలో గెలిచి వచ్చినవాడు కాదు. చరిత్రగా అది నిజమే. అయితే భూమిని నమ్ముకుని బతికేచోట రక్షణ ఎప్పుడూ హద్దులతోనే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఈస్టిండియా కంపెనీ కూడా ప్రైవేటు సంస్థే కదా?

నన్ను అందరికంటే ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. తిరుపతి వాళ్ళకు ఇది ఇంటి కథ.

కంపెనీ మన ప్రాంతంలో అమ్మిన సరుకుల్లో రక్షణ ఒకటి. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీకి కంపెనీ దళాలు సింహాసనం నిలబెట్టాయి. ఆ దళాల ఖర్చు నవాబు కట్టాలి. కట్టలేక అప్పులు చేశాడు. ఆ అప్పులిచ్చినవాళ్ళలో మద్రాసులోని కంపెనీ ఉద్యోగులే చాలామంది. బాకీ కింద జిల్లాల శిస్తునూ తిరుమల కొండ ఆదాయాన్నీ రాసిచ్చాడు. 1801లో కంపెనీ ఆర్కాటు నవాబులు ఏలిన కర్ణాటక రాజ్యం మొత్తం తీసేసుకుంది, తిరుపతీ చిత్తూరూ అందులోవే. అంతకు ఏడాది ముందు, 1800లో, నిజాం కూడా తన దగ్గరుంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను వదులుకున్నాడు. దత్తమండలం అని మనం చెప్పుకునేది ఇదే. మదనపల్లె వైపు భాగం అందులోకి వస్తుంది.

రక్షణకు చందా కట్టిన ఇద్దరు ఖాతాదారుల్లో నవాబులు రాజ్యాన్నే పోగొట్టుకున్నారు, నిజాం చందా కింద జిల్లాలు పోగొట్టుకున్నాడు. సొంత సైన్యాన్ని తగ్గించుకుని ఇంకొకరి సైన్యం మీద ఆధారపడ్డాక ఆ సంస్థను మార్చుకునే శక్తి వాళ్ళకు లేకపోయింది.

కంపెనీది స్వేచ్ఛా మార్కెట్ కాదని లిబర్టేరియన్లు గట్టిగా అంటారు. 1600లో రాణి ఇచ్చిన చార్టర్, వర్తకంలో గుత్తాధిపత్యం, 1784 తర్వాత పార్లమెంటు పర్యవేక్షణ, అవసరమైనప్పుడు బ్రిటిష్ నౌకాదళం అన్నీ దాని వెనుక ఉన్నాయి. ఈ అభ్యంతరం న్యాయమైనదే. ఐతే రాజుల అండ లేకపోతే అలాంటి సంస్థ పుట్టదని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

రాజ్యం లేకుండా బాగా నడిచిన సమాజం ఒక్కటైనా ఉందా?

ఐస్‌లాండ్‌ను అందరూ చూపిస్తారు. 930 నుంచి 1262 దాకా అక్కడ రాజు లేడు, పోలీసు లేడు, సైన్యం లేదు. ఏటా ఒకసారి ఆల్తింగ్ అనే సభలో చట్టం చెప్పుకునేవాళ్ళు, తగువులు తీర్చుకునేవాళ్ళు. గోదీ అనే నాయకులుండేవాళ్ళు. రైతు తనకు నచ్చిన గోదీ వెనుక నడవొచ్చు, నచ్చకపోతే మారొచ్చు. గోదీ స్థానాన్ని కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. హత్య చేసినా చాలాసార్లు పరిహారంతోనే తేలిపోయేది. తీర్పు అమలుచేసుకోవడం గెలిచినవాడి పని. ఒంటరివాడైతే తన హక్కును బలమున్నవాడికి బదలాయించవచ్చు, అతను వసూలుచేస్తాడు. బలహీనుడికి కూడా న్యాయం దొరికే దారి అది అని ఫ్రీడ్‌మన్ దీన్ని చాలా మెచ్చుకున్నాడు.

మూడు వందల ఏళ్ళకు పైగా నిలబడ్డ ఏర్పాటును ఆషామాషీ అనలేం. చివరికి గోదీ స్థానాలన్నీ కొన్ని కుటుంబాల చేతిలో చేరాయి. మారదామంటే పక్కన ఇంకో గోదీ లేడు. ఆ కుటుంబాల మధ్య పోరు తట్టుకోలేక 1262 నుంచి 1264 మధ్య ఐస్‌లాండ్ వాళ్ళు నార్వే రాజుకు లొంగిపోయారు.

మరి సోమాలియా సంగతేంటి?

1991లో ప్రభుత్వం కూలాక అక్కడ అంతా ఆగిపోలేదు. హీర్ అనే ఆచార చట్టం అంతకుముందు నుంచే ఉంది. తప్పుచేసినవాడి తరఫున అతని వంశమంతా పరిహారం కడుతుంది. పశువుల వ్యాపారం, ఫోన్ కంపెనీలు నడిచాయి. సంప్రదాయం ప్రకారం మగవాడి ప్రాణానికి 100 ఒంటెలు, ఆడమనిషి ప్రాణానికి 50. వంశబలం లేనివాళ్ళకు, చిన్న తెగలకు ఆ చట్టం పెద్దగా అక్కరకు రాలేదు. యుద్ధనాయకుల పోరులో చచ్చిపోయినవాళ్ళను పక్కనపెట్టి దాన్ని విజయంగా చెప్పేవాళ్ళను నేను నమ్మను.

తిరుపతిలో స్థలాల సెటిల్‌మెంట్లు చేసేవాళ్ళకూ ఈ రక్షణ సంస్థలకూ తేడా ఏంటి?

ఆ సెటిల్‌మెంట్లు ఎందుకు పుట్టాయో ముందు చూడాలి. దేశంలోని అన్ని కోర్టుల్లో కలిపి పెండింగు కేసులు 5 కోట్లు దాటాయని 2023లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. జీవితమంతా దాచుకున్న డబ్బుతో కొన్న ప్లాటును ఎవరో కబ్జా చేసి గోడ కట్టేస్తే, తీర్పు వచ్చేసరికి కొడుక్కి పెళ్ళీడు వస్తుందని తెలిసిన మనిషి దొరికిన మనిషి దగ్గరికి పోతాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. గుత్తాధిపత్యంలో ఉన్న సేవ నెమ్మదిగా, ఖరీదుగా ఉంటుందన్న లిబర్టేరియన్ల మాటకు ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

తేడా ఒక్కచోట ఉంది. సెటిల్‌మెంట్ చేసేవాడు ఒక పక్షం దగ్గర డబ్బు తీసుకుని రెండో పక్షాన్ని బెదిరిస్తాడు. రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్న మధ్యవర్తి అక్కడ లేడు. లిబర్టేరియన్ పద్ధతి నిలబడేదీ పడిపోయేదీ ఆ మధ్యవర్తి మీదే. మధ్యవర్తికి పేరే పెట్టుబడి, అన్యాయం చేశాడని తెలిస్తే మళ్ళీ ఎవరూ అతని దగ్గరికి రారని వాళ్ళంటారు. దామలచెరువు మామిడి మండీలో ఏళ్ళతరబడి లావాదేవీలున్న వ్యాపారుల మధ్య ఇది నిజం. మాట తప్పినవాడికి వచ్చే సీజన్లో సరుకు పడదు. జీవితంలో ఒక్కసారి ప్లాటు కొనే గుమాస్తాకూ, రోజూ ప్లాట్లు అమ్మే రియల్టర్‌కూ మధ్య మాత్రం మధ్యవర్తి ఎవరి పేరు కాపాడుకోవాలనుకుంటాడు? మళ్ళీమళ్ళీ వచ్చే ఖాతాదారు రియల్టరే.

చందా కట్టలేని పేదవాళ్ళ గతి? దళితవాడల గతి?

పేదరికం వరకు లిబర్టేరియన్ల జవాబు ఆలోచించదగ్గదే. పేదవాడు ఇవాళ కూడా సబ్బు నుంచి చెప్పుల దాకా ఎన్నిటి మీదో పన్ను కడుతూనే ఉన్నాడు, బదులుగా అతనికి దొరికే రక్షణ ఎంత? ఆ డబ్బు అతని దగ్గరే ఉంటే చిన్న చందా కట్టుకోగలడు. పదిమంది కలిసి సంఘంగా చేరొచ్చు. ధర్మసంస్థలు కట్టొచ్చు.

కులం దగ్గర ఈ జవాబు చాలదు. జామీను లేని మనిషికి ఇల్లు దొరకదు, పని దొరకదు అన్నాను కదా. ఊరు మొత్తం ఒక్కమాట మీద నిలబడి ఒక వాడకు జామీను ఇవ్వం, పనికి పిలవం, కొట్టులో సరుకు ఇవ్వం అంటే ఆ సిద్ధాంతం ప్రకారం అది ఎవరి హక్కునూ అతిక్రమించడం కాదు, ఎవరి ఆస్తి వాళ్ళిష్టం. మన పల్లెల్లో దాని పేరు సాంఘిక బహిష్కారం. ఒక్క దెబ్బ కొట్టకుండా మనుషుల్ని ఆకలితో లొంగదీసే పద్ధతి అది. రచ్చబండ దగ్గర పెద్దమనుషుల తీర్పులు ఎవరివైపు మొగ్గేవో దళితవాడల్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవన్నది ఈ అనుభవంతోనే.

రాజ్యం ఉండి ఏం చేసింది అని వాళ్ళు తిరిగి అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఈ రాజ్యాన్ని సమర్థిస్తూ ఆ ఊరివాళ్ళ ముందు మాట్లాడే ధైర్యం నాకు లేదు. అయినా ఆ ఊళ్ళో ఆనాడు కొన్ని ఊళ్ళ అవతల నుంచి, ఆ ఊరి భూస్వాముల మీద ఆధారపడని ఒక శక్తి రావాల్సిన అవసరం ఉందనే అనుకుంటాను. 1989 అట్రాసిటీ చట్టం అలాంటి శక్తిని తయారుచేయాలని చేసిన ప్రయత్నం. అది సరిగ్గా పనిచేయకపోవడం ఒక సమస్య. అలాంటిదొకటి ఉండాలన్న ఊహే లేని సిద్ధాంతం అంతకంటే పెద్ద సమస్య.

ఇంట్లో భర్తే కొడుతుంటే? చందా కట్టేది అతనే కదా?

ఈ ప్రశ్న అడిగింది ప్రతిసారీ ఆడపిల్లలే. సిద్ధాంతం ప్రకారం ఆమె తన పేరుమీద వేరే సంస్థలో చేరొచ్చు. డబ్బు చేతిలో లేని ఆమె, ఆరేళ్ళ పిల్ల ఎలా చేరతారు? రోత్‌బార్డ్ పిల్లల హక్కుల గురించి రాసిన భాగాలు ఆయన రచనల్లో నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపిస్తాయి. 2005 గృహహింస చట్టంలో ఆమె తరఫున ఇంకెవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చు. ఒప్పందం మీద నడిచే లోకంలో ఒప్పందం చేసుకోలేని మనిషి గురించి ఇలాంటి ఏర్పాటు ఉండి తీరాలి.

తిరుమల కొండను ఎవరు కాపాడతారు?

ఇవాళ టీటీడీకి సొంత విజిలెన్స్, భద్రతా విభాగం ఉంది, దానితోపాటు రాష్ట్ర పోలీసులూ ఉన్నారు. రాజ్యం లేకపోయినా ఇంత ఆదాయమున్న దేవస్థానం తన కాపలా తాను పెట్టుకోగలదు, అందులో సందేహం లేదు. నా భయం రెండోవైపు. 18వ శతాబ్దంలో యాత్రికుల డబ్బు కోసమే తిరుపతి చుట్టూ దళాలు తిరిగాయి. 1801 నుంచి 1843 దాకా కంపెనీ, ఆ తర్వాత హాథీరాంజీ మఠం మహంతులు, 1933 నుంచి టీటీడీ దాని ఆదాయ వ్యయాలు చూశారు. అన్ని మార్పుల్లోనూ కొండ కింద పల్లెల్ని అడిగినవాళ్ళు లేరు. రాజ్యం లేని చోట కొండే ఈ ప్రాంతంలో అతిపెద్ద రక్షణ సంస్థ అవుతుంది. అలిపిరి నుంచి కరకంబాడి దాకా దాని మాటే చెల్లుతుంది.

ఎర్రచందనం సంగతి?

ఇక్కడ లిబర్టేరియన్ల మాటకు నేను సగానికి పైగా ఒప్పుకుంటాను. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. అడవిలో నరకడం నిషేధం, బయట దాని ధర ఆకాశంలో. అలాంటి నిషేధం స్మగ్లింగును పుట్టించక మానదు. పట్టాభూమిలో పెంచి అమ్ముకోవడం రైతుకు సులువు చేస్తే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందన్నది మంచి సూచన.

2015 ఏప్రిల్ 7న శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్ళు వాళ్ళు. కాల్చిందీ రాజ్యమే, దర్యాప్తు చేయాల్సిందీ రాజ్యమే. రక్షకుడి మీదే ఆరోపణ వచ్చినప్పుడు తీర్పరి అతని జీతగాడు కాకూడదు అని లిబర్టేరియన్లు అంటే దానికి నా దగ్గర ఎదురు జవాబు లేదు.

చైనా దండెత్తితే?

చిక్కు అందరికీ తెలిసిందే. సరిహద్దును కాపాడితే చందా కట్టినవాడితో పాటు కట్టనివాడూ క్షేమంగా ఉంటాడు, అప్పుడు కట్టేదెవరు?

లిబర్టేరియన్ల జవాబులు మూడు రకాలు. పెద్ద ఆస్తులకు బీమా ఇచ్చిన సంస్థలు తమ నష్టం తప్పించుకోవడానికి రక్షణకు ఖర్చుపెడతాయన్నది ఒకటి. ఇంతమంది కడితేనే నేనూ కడతానన్న షరతుతో ముందే సంతకాలు సేకరించడం ఇంకొకటి. 1962 యుద్ధంలో మన ఆడవాళ్ళు జాతీయ రక్షణ నిధికి నగలు తీసిచ్చినట్టు జనం ఇష్టంగానే ఇస్తారన్నదీ ఇందులోకే వస్తుంది. మూడోది నాకు ఆసక్తికరమైనది: రాజధాని లేని సమాజాన్ని గెలవడం కష్టం. నవాబు చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఆర్కాటు రాజ్యమంతా వచ్చేసింది. సంతకం పెట్టే నవాబే లేకపోతే ప్రతి ఊరినీ విడివిడిగా లొంగదీయాలి.

ఆ పని కూడా మన దగ్గరే జరిగింది. దత్తమండలంలో కంపెనీ కలెక్టర్ థామస్ మన్రో 80 మంది దాకా ఉన్న పాళెగాళ్ళను 1800 నుంచి కొన్నేళ్ళలో ఒక్కొక్కరిగా అణిచేశాడు. 1801 తర్వాత చిత్తూరు పాళెగాళ్ళ కోటలూ అలాగే పడిపోయాయి. ఒకరి మీదికి వస్తే మిగతావాళ్ళు తమ వంతు దాకా ఊరకున్నారు. మందుగుండూ క్రమశిక్షణా ఉన్న సైన్యం ముందు చెదురుమదురు కాపలా నిలవదు. శ్రీహరికోట లాంటి చోటును, అణ్వాయుధాలను చందాల మీద నడిచే పది సంస్థల చేతిలో పెట్టడం నేను ఊహించలేను. సైన్యం విషయంలో ఈ వాదం నన్ను ఒప్పించలేదు.

అందరి దగ్గరా తుపాకులుంటాయా?

ఉంచుకునే హక్కు ఉంటుంది. ఇల్లు అద్దెకిచ్చేవాడు, అపార్ట్‌మెంట్ సంఘం, బీమా సంస్థ వద్దని షరతు పెట్టొచ్చు. ఆత్మరక్షణ హక్కు ఇప్పటి చట్టంలోనూ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే.

ఇప్పటికే ప్రైవేటు సెక్యూరిటీ గార్డులున్నారు. ఇది అదే కదా?

కాదు. శ్రీసిటీ ఫ్యాక్టరీ గేటు దగ్గరా బ్యాంకు ముందరా నిలబడే గార్డు 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సున్న ఏజెన్సీ మనిషి. అతనికి పోలీసు అధికారాలు లేవు. దొంగను పట్టుకున్నా అప్పజెప్పాల్సింది పోలీసులకే. ఎండలో పన్నెండు గంటలు నిలబడే ఆ మనుషుల జీతాల గురించి వేరే రాయాలి.

ఇందులోంచి ఇవాళ మనకు పనికొచ్చేది ఏమైనా ఉందా?

మూడు ఉన్నాయి. వ్యాపార ఒప్పందం రాసుకునేటప్పుడు తగువొస్తే మధ్యవర్తి ఎవరన్నది అందులోనే రాసుకోండి. 1996 మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం ఆ మధ్యవర్తి తీర్పును కోర్టు డిక్రీలాగే అమలుచేయించుకోవచ్చు. ఎదుటివాడు పెట్టిన మధ్యవర్తి పేరును చదవకుండా సంతకం పెట్టకండి. కేసు ఇప్పటికే కోర్టులో ఉండి రాజీకి వీలుంటే లోక్ అదాలత్‌కు పంపమని అడగండి. అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, దానిమీద అప్పీలు ఉండదు. మూడోది, నేరం కేసులో నష్టపోయినవాళ్ళుగా ఉంటే శిక్షతో పాటు పరిహారం కూడా ఇప్పించమని మీ లాయరు చేత అడిగించండి. చట్టంలో ఆ వీలుంది. అడగనందువల్లే చాలామందికి రావడం లేదు.